ఘంటసాల సార్ వచ్చిండు: ఒక డాక్యుమెంటరీ చూసొచ్చాక

ముందే చెప్పేస్తున్నా, సినిమా పేరు రాయను. చూపించినవాళ్ళే వద్దన్నారు. ఇది ఫైనల్ ఎడిట్ కాదట, ఇంకా కోతలున్నాయట, ఫెస్టివల్స్‌కి పంపేదాకా పేరు బయటికి పోకూడదట. సరే, వాళ్ళ బాధ వాళ్ళది. కానీ టికెట్టుకి మాత్రం 200 తీసుకున్నారు, నాకూ నాన్నకూ కలిపి 400, కాబట్టి బాగుందో లేదో చెప్పే హక్కు నాకుందనే అనుకుంటున్నా.

శనివారం సాయంత్రం, బంజారాహిల్స్ సందుల్లో ఒక చిన్న హాలు. విద్యానగర్ నుంచి క్యాబ్‌లో గంటా పది నిమిషాలు పట్టింది, అందులో పావుగంట పంజాగుట్ట దగ్గరే. నాన్నకి 78 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, ఈమధ్య పెళ్ళిళ్ళకి కూడా రానంటున్నాడు. "ఘంటసాల పాటలు పాడే ఒకాయన మీద సినిమా అట నాన్నా" అన్నాను అంతే, నాలుగింటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. మాది గుడివాడ దగ్గర పల్లె. ఘంటసాల పుట్టిన చౌటపల్లి కూడా గుడివాడ పక్కనే కావడంతో ఆయన మా బంధువు అన్నట్టే మాట్లాడతాడు నాన్న. ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసులో ముప్పై ఏళ్ళు చేశాడు, ఆ ముప్పై ఏళ్ళూ కింది గదిలో లెక్కలు, మీది గదిలో ఘంటసాల అని మా అమ్మ తలకాయ చూపించి మరీ అంటుంది.

ఇక సినిమా. ఎనభై నిమిషాల పైచిలుకు. మంచిర్యాలలో ఉండే ఒక రిటైర్డ్ సింగరేణి గుమాస్తా, వయసు 67. ప్రతి చలికాలం టీవీఎస్ ఎక్సెల్ బండి మీద ఒక హార్మోనియం, ఒక ఆహూజా యాంప్లిఫయరు, ఒక హార్న్ స్పీకరు, గుడ్డలో చుట్టిన ఘంటసాల ఫోటో కట్టుకుని ఉత్తరానికి బయల్దేరతాడు. ఉత్తరం అంటే మన తెలంగాణకి ఉత్తరం, పాత ఆదిలాబాద్ జిల్లా. 2016 అక్టోబరులో నాలుగు ముక్కలయ్యాక ఇప్పుడు ఎక్కువగా ఆయన తిరిగేది కొమరం భీం ఆసిఫాబాద్, ఆదిలాబాద్ జిల్లాల్లో. కెరమెరి ఘాటు ఎక్కి జైనూరు, ఉట్నూరు, ఇంద్రవెల్లి, నార్నూరు, వాటి చుట్టుపక్కల గోండు గూడేలు, కొలాం గూడేలు. దీపావళి అయ్యాక మొదలుపెట్టి పుష్య అమావాస్యకి కేస్లాపూర్ నాగోబా జాతర దాకా. వానాకాలం ఎందుకు వెళ్ళవు అని డైరెక్టరు అడిగితే "వాగులు దాటిస్తవా నువ్వు?" అని ఎదురడిగాడు. వంతెనల్లేని వాగులు పొంగితే ఆ గూడేల్లో కొన్నిటికి రోజుల తరబడి దారే ఉండదు. ఒకటే మాట, విషయం తెలిసిపోయింది. డైరెక్టరు కూడా అలా ఒక్క మాటలో చెప్పడం నేర్చుకుని ఉంటే సినిమా అరవై నిమిషాల్లో అయిపోయేది.

ఆయన పేరు నేను రాయను, సినిమాలో కూడా పేరుతో పిలిచేవాళ్ళు తక్కువే. బండి గూడెం పొలిమేరలోకి రాగానే పిల్లలు "ఘంటసాల సార్ వచ్చిండు, ఘంటసాల సార్ వచ్చిండు" అని వెనక పరిగెడతారు. మొదటిసారి అది విన్నప్పుడు హాల్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నాన్న నవ్వలేదు.

మనిషి కొంచెం తిక్క మనిషే. తెల్ల పంచె, లాల్చీ, భుజాన ఉత్తరీయం, నుదుటన బొట్టు, జుట్టు కూడా ఘంటసాల ఫోటోలో ఉన్నట్టే వెనక్కి దువ్వుకుంటాడు. ఫోటో ముందు అగరొత్తి వెలిగించకుండా నోరు తెరవడు. ప్రతి పాటకీ ముందు రాసినవాడి పేరు, బాణీ కట్టినవాడి పేరు, సంవత్సరం చెప్పి తీరతాడు, వినేవాళ్ళలో సగంమందికి తెలుగే సరిగ్గా రాకపోయినా సరే. వేరే గాయకుల పాట అడిగితే చెవులు మూసుకుంటాడు, అబద్ధం కాదు, నిజంగానే రెండు చేతులతో. పాడే రోజు పెరుగు ముట్టడు. ఇవన్నీ సరదాగానే ఉన్నాయి గానీ ఇలాంటి మనుషులు మన హైదరాబాదులో ఏ వీధిలో చూసినా ఒకరు దొరుకుతారు. నన్ను కుర్చీలో ముందుకి జరిగేలా చేసింది వేరే ఒకటి.

ఆయన దగ్గర ఒక పాత లెడ్జర్ పుస్తకం ఉంది, సింగరేణి ఆఫీసుదే అయ్యుంటుంది, ఎర్ర గీతలున్నది. అందులో పాటలన్నీ చేత్తో రాసుకున్నాడు, నల్ల సిరాతో, గుండ్రటి అక్షరాలతో. అక్షరాల మీద అక్కడక్కడ ఎర్ర పెన్సిల్‌తో చిన్న చిన్న టిక్కులు. కెమెరా బాగా దగ్గరికి వెళ్ళింది. ఏమిటవి అంటే, రికార్డులో ఘంటసాల ఊపిరి తీసుకున్న చోట్లు. పాటను వందసార్లు విని, ఎక్కడ గాలి పీల్చాడో పట్టుకుని గుర్తు పెట్టుకున్నాడు. ఒక పేజీలో టిక్కు కాకుండా చిన్న చుక్క ఉంది, దాని మీద వేలు పెట్టి "ఇక్కడ గొంతు కొద్దిగ గీసుకుంటది, జాగ్రత్తగ వినాలె" అన్నాడు. అని ఆ గీసుకోవడం కూడా చేసి చూపించాడు. ఆ పుస్తకం మీద కెమెరా నిమిషంన్నర నిలబడింది, మాటల్లేవు, పేజీలు తిరిగే చప్పుడు, బయట ఎక్కడో కోడి. సినిమా మొత్తంలో నాకు బాగా నచ్చిన నిమిషంన్నర అది. పక్కన నాన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు.

మన ఊళ్ళో ఈ ఘంటసాల గొంతుల సంగతి తెలియనివాళ్ళుండరు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభకో, రవీంద్రభారతికో వెళ్ళే అలవాటున్నవాళ్ళకి మరీ. డిసెంబరు 4 జయంతి, ఫిబ్రవరి 11 వర్ధంతి, ఆ రెండు తేదీల చుట్టుపక్కల వారాల్లో ఊళ్ళో ఎక్కడో ఒకచోట గాన విభావరి ఉంటుంది. ఆయన పోయింది 1974లో, 51 ఏళ్ళకే. అంటే బతికిన ఏళ్ళంత కాలం, పోయాక కూడా గడిచిపోయింది, అయినా ఆ గొంతుని పాడేవాళ్ళు తగ్గలేదు. నాన్నతో ఇలాంటివాటికి ఓ పాతిక దాకా వెళ్ళుంటాను. చాలామటుకు ఒకే తంతు: కరోకే ట్రాకు మీద రెండు పాటలు, తర్వాత శాలువా, మెమెంటో, ముఖ్య అతిథి ప్రసంగం, ఇంకో శాలువా, ఇంకో పాట, బిరుదు ప్రదానం. పాటకి నాలుగు నిమిషాలు, సన్మానానికి నలభై. వినేవాళ్ళకి రికార్డు కంఠతా వచ్చు కాబట్టి పాడేవాడు ఎక్కడ జారతాడా అని కాచుకుని కూర్చుంటారు. నాన్న సంగతి చెప్పక్కర్లేదు, "నిషాదం కిందికెళ్ళింది", "అక్కడ ఆ గమకం లేదు" అని పక్కవాళ్ళకి వినపడేలా గొణుగుతాడు. పాపం పాడేవాడు ఎంత బాగా పాడినా అసలు దానికి ఒక మెట్టు కిందే.

ఇక్కడే ఈ సినిమా వేరే దారి పట్టింది, డైరెక్టరుకి తెలిసి పట్టిందో తెలియక పట్టిందో నాకు అనుమానమే. ఆ గూడేల్లో ముసలివాళ్ళకి ఘంటసాల ఎవరో తెలియదు. వాళ్ళ మాట గోండి, సంతకెళ్తే మరాఠీ, ఆఫీసుకెళ్తే తెలుగు. రికార్డు వినలేదు. వాళ్ళకి ఘంటసాల అంటే ఏటా చలికాలంలో ఎక్సెల్ బండి మీద వచ్చే ఈ పంచె మనిషే. ఒక అవ్వ అంటుంది, "ఘంటసాల ఈయేడు చిక్కిపోయిండు, షుగరున్నదేమో" అని. హాల్లో మళ్ళీ నవ్వులు. కానీ ఆలోచించండి, పోల్చి చూసేందుకు అసలు గొంతు తెలియని చోట ఆయన్ని ఎవరు నకలు అంటారు? త్యాగరాయ గానసభలో మూడో వరసలో కూర్చుని నిషాదం లెక్కపెట్టే మా నాన్న అక్కడ లేడు కదా.

గీత సీను గురించి చెప్పాలి. మన ఇళ్ళల్లో ఘంటసాల భగవద్గీత పెడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. పోయినేడు మా అపార్ట్‌మెంట్‌లో నాన్న పొద్దున్నే ఏడింటికి అది పెట్టాడు, బాల్కనీ తలుపు తీసుంది. పది నిమిషాల్లో వాచ్‌మన్ పైకొచ్చి, చెప్పులు బయట విడిచి, గొంతు తగ్గించి "సార్... ఎవరు?" అన్నాడు. అప్పటికే కింద ఇద్దరు ముగ్గురు పోగయ్యారు. మా అమ్మ నాన్నని ఆ రోజు తిట్టిన తిట్టు ఈనాటికీ తిడుతూనే ఉంది. చివరి రోజుల్లో ఆయన అంత కష్టపడి పాడిన గీతని మనం శవం లేచేదాకా పెట్టే క్యాసెట్టు చేసి పెట్టాం. వైకుంఠ రథాల మీద స్పీకర్లలో తప్ప దానికింకో చోటు లేకుండా పోయింది. సినిమాలో ఈయన కూడా మంచిర్యాలలో ఎవరింట్లోనూ గీత పాడడు, పాడితే పిలవడం మానేస్తారని. కానీ జైనూరు వైపు ఒక గూడెంలో, రాత్రి ఎనిమిదైంది, పత్తి ఏరి వచ్చినవాళ్ళు నెగడు చుట్టూ దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు, మంచు పడుతోంది, ఆ వైపు జనవరిలో రాత్రిపూట సింగిల్ డిజిట్‌కి పడిపోతుంది కదా, అప్పుడు వాళ్ళ పటేలు "ఆ కృష్ణుడిది పాడు, పోయినేడు పాడినవు చూడు" అన్నాడు. పాడాడు. పిల్లలు నిద్రపోతున్నారు ఒళ్ళో. ఒకామె చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ వింటోంది. ఎవరూ పోలేదు. ఆ శ్లోకాలు, ఆ తాత్పర్యం, మంట చిటపటలు. చావు వాసన లేకుండా గీత విని నాకు ఎన్నేళ్ళయిందో. అసలెప్పుడైనా విన్నానా అని కూడా అనుమానమొచ్చింది.

దాని వెనకే ఇంకో మంచి సీను. ఇంద్రవెల్లి దగ్గర ఒక ఊళ్ళో ముసలాయన, పర్ధాను. గోండుల కథలు, వంశాల పుట్టుక పాడేది పర్ధానులే, అది వాళ్ళకి తాతలనాటి నుంచి వస్తున్న పని. చేతిలో కిక్రి, మూడు తీగల వాద్యం, కమానుతో వాయిస్తారు. మన ఘంటసాల సార్ పోతన పద్యం ఒకటి ఎత్తుకున్నాడు. నాన్న ఎప్పుడూ చెబుతుంటాడు, నాటకాల్లో పద్యం చివర రాగం తీయడం మొదలుపెడితే ముగింపు ఉండేది కాదు, ఘంటసాల దాన్ని సినిమాకి తగ్గట్టు కుదించి, మాట మాట విడిగా అర్థమయ్యేలా పాడే పద్ధతి తెచ్చాడు అని. ఈయన కూడా అలాగే పొట్టిగా ముగించబోతుంటే కిక్రి వదల్లేదు. పద్యం అయిపోయినా ఆ ముసలాయన రాగం లాగుతూనే ఉన్నాడు, ఈయన కాసేపు బిక్కమొహం వేసి, తర్వాత మళ్ళీ అందుకుని, మళ్ళీ ఆపబోయి, మళ్ళీ అందుకుని, అలా నాలుగు నిమిషాలు. పుస్తకంలో దీనికి ఎర్ర టిక్కులు లేవు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియక ఆయన పడ్డ అవస్థ మొహంలో కనిపిస్తుంది.

ఇంత మంచి సరుకు చేతిలో ఉండగా ఆ డ్రోన్ ఎందుకు నాయనా? కెరమెరి ఘాటు పైనుంచి, వాగు పైనుంచి, పత్తి చేను పైనుంచి, మళ్ళీ ఘాటు పైనుంచి. నేను లెక్కపెట్టాను, పదకొండు సార్లు. పైగా ప్రతిసారీ కింద ఒక వయొలిన్ సంగీతం. పాటగాడి మీద సినిమా తీస్తూ పాటగాడి గొంతు మీద వేరే సంగీతం పోయడం ఏ రకం తెలివో అర్థం కాదు. గోండుల మీద పరిశోధన చేసిన హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉన్న చోటు కూడా ఓ రెండు నిమిషాలు చూపించారు, మంచి చోటే, చూడాల్సిన చోటే, కానీ ఈ కథలో దాని పనేమిటో చెప్పలేదు. గుస్సాడీ ఆట కూడా పెట్టారు, నెమలీకల కిరీటాలు, డప్పులు, స్లో మోషన్‌లో. ఈయన బయల్దేరేది దీపావళి అయ్యాక, గుస్సాడీ ఆడేది దీపావళి పండగ రోజుల్లో. మరి ఆ షాట్లు ఎక్కడివి, ఎందుకు? ఆదివాసీలు అనగానే నెమలీకలు చూపించకపోతే జనానికి నమ్మకం కుదరదనా?

అన్నిటికంటే కోపమొచ్చిన డ్రోన్ షాటు ఒకటుంది. ఆయన భార్య. సినిమా మొత్తంలో ఆమెకి ఇచ్చింది మూడు నిమిషాలు. వంటింటి గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ చెబుతుంది: "ఇంట్ల గూడ అదే గొంతు. కూరల ఉప్పు తక్కువైందని గూడ పద్యం లెక్కనే అంటడు. పెండ్లయిన కొత్తల వేరే గొంతు ఉండె. అదెట్లుండెనో ఇప్పుడు యాదికి లేదు." అని వెల్లుల్లి పొట్టు ఊదేసింది. ఇంత మాట అన్నాక ఏ డైరెక్టరైనా ఏం చేస్తాడు? కూర్చుంటాడు. ఇంకో ప్రశ్న అడుగుతాడు, లేదా ఊరుకుని ఆమె మొహం చూస్తాడు. మనవాడు కట్ చేసి ఘాటు మీదికి ఎగిరిపోయాడు.

పాటల సంగతి. చాలామంది ఇది ఘంటసాల పాటల కోసమే చూస్తారు, వాళ్ళకో హెచ్చరిక: పూర్తి పాట ఒక్కటి కూడా లేదు. పల్లవి మొదలవుతుంది, ఇరవై సెకన్లు, కట్. నాన్న నాలుగోసారికి "వీడికేమైనా జబ్బా" అన్నాడు గట్టిగా. చివర్లో ప్రశ్నలప్పుడు డైరెక్టరు చెప్పాడు, హక్కుల గొడవట. నాకు ఇది కొంచెం తెలిసిన విషయమే, ఆఫీసులో ఇలాంటి కాగితాలే చూస్తుంటాను. పాత రికార్డుకి విడుదలైన 60 ఏళ్ళకి హక్కు తీరిపోతుంది, అందుకని యాభైల్లోని రికార్డులు ఎప్పుడో బయటపడ్డాయి. కానీ రికార్డు వేరు, పాట వేరు. పాట రాసినవాళ్ళు, బాణీ కట్టినవాళ్ళు పోయాక కూడా 60 ఏళ్ళదాకా హక్కు నడుస్తుంది. ఘంటసాల గాయకుడే కాదు, సంగీత దర్శకుడు కూడా, ఆయన కట్టిన బాణీలకి 2034 చివరిదాకా లెక్క. కాబట్టి ఎవరో గుమాస్తా గూడెంలో పాడినా, దాన్ని సినిమాలో పెట్టి అమ్మాలంటే అనుమతి తీసుకోవాలి, డబ్బు కట్టాలి. ఈ సినిమావాళ్ళకి అంత స్తోమత లేదు. అందుకే పద్యాలు ఎక్కువ. పోతన తరఫున కోర్టుకెళ్ళేవాళ్ళు ఎవరూ లేరు కదా. ఈ మాట సినిమాలోనే ఒక కార్డు వేసి చెప్పొచ్చు, ప్రేక్షకుడు అర్థం చేసుకుంటాడు. చెప్పకుండా కోస్తే కరెంటు పోయినట్టుంటుంది.

ఇంకో పెద్ద తప్పు సబ్‌టైటిల్స్. మొత్తం ఇంగ్లీషులోనే వేశారు. హైదరాబాదులో, తెలుగు గాయకుడి మీద తీసి, తెలుగువాళ్ళని కూర్చోబెట్టి చూపిస్తూ, గోండిలో మాట్లాడిన మాటలకి తెలుగు లేదు. నాన్నకి ఆ వేగంతో ఇంగ్లీషు చదవడం రాదు, పైగా తెల్ల అక్షరాలు, వెనక పత్తి చేను. నేను చెవిలో చెబుతూ కూర్చున్నా, ముందు వరసలో ఒకావిడ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఎవరి కోసం తీశారో అక్కడే తెలిసిపోతుంది, ఫెస్టివల్లో కూర్చునేవాళ్ళ కోసం. గుంజాల ఊళ్ళో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో కూడా చోటు దొరికింది, ఆ గుంజాల ఉన్న నార్నూరు మండలంలో షూటింగు చేసి, గోండి మాటకి గోండి లిపి ఎలాగూ వేయరు, కనీసం తెలుగు వేయడానికి ఏం రోగం?

ఇవన్నీ తిట్టాక కూడా, మళ్ళీ వేస్తే మళ్ళీ వెళ్తాను. చివరి ఇరవై నిమిషాల కోసం.

నార్నూరు వైపు ఒక గూడెం, పాట అయిపోయింది, జనం లేస్తున్నారు. ఒక కుర్రాడు, ఉట్నూరులో డిగ్రీ చదువుతున్నాడట, జీన్స్, చెవిలో ఇయర్‌ఫోన్ వేలాడుతోంది. వాడికి ఘంటసాల తెలుసు, ఫోన్లో విన్నాడు. మర్యాదగానే అడిగాడు: "సార్, మీరు పందొమ్మిది ఏండ్ల సంది వస్తున్నరు. మా పాట ఒక్కటన్న నేర్చినరా?" అంతే. ఈయన హార్మోనియం మూత పెడుతున్న చెయ్యి ఆగిపోయింది. ఇక్కడ మాత్రం డైరెక్టరుకి దండం పెట్టాలి, ఎగరలేదు, కట్ చేయలేదు. ఈయన ఫోటో గుడ్డలో చుట్టాడు. ముడి వేశాడు. విప్పాడు. మళ్ళీ వేశాడు. "లేదు బిడ్డా" అన్నాడు. అప్పటిదాకా ప్రతి మాటా గంభీరంగా, నాభి దగ్గర నుంచి తెచ్చి అనే మనిషి, ఆ రెండు మాటలూ మామూలుగా అన్నాడు.

మరుసటేడు కెమెరా మళ్ళీ వెళ్ళింది. అదే కుర్రాడి ఇల్లు, వాకిట్లో మంచం. వాడి నాయనమ్మ పాడుతుంది, ఈయన లెడ్జర్ పుస్తకంలో కొత్త పేజీ తీసి తెలుగు అక్షరాల్లో రాసుకుంటున్నాడు. కుర్రాడు తప్పులు దిద్దుతున్నాడు, నాలుక ఎక్కడ పెట్టాలో చూపిస్తున్నాడు. ఎర్ర పెన్సిల్ చేతిలోనే ఉంది. రాత్రి నెగడు దగ్గర పాడాడు. పాడితే ఏమైందంటే, ఆ గొంతు రాలేదు. ఘంటసాల తమిళం పాడాడు, కన్నడం పాడాడు, గోండి పాడలేదు కదా, మరి దేన్ని చూసి పాడాలి? ఎక్కడ గమకం, ఎక్కడ ఊపిరి, ఎవరూ ముందు పాడి పెట్టలేదు. సన్నటి గొంతు, కొంచెం ముక్కుతో, పై స్థాయిలో పగిలిపోయే గొంతు ఒకటి బయటికొచ్చింది. 67 ఏళ్ళ మనిషి నోట్లోంచి ఎవరో కుర్రవాడి గొంతులా ఉంది. పిల్లలు ఫక్కున నవ్వారు. నాయనమ్మ చప్పట్లు కొట్టి లయ పట్టింది. ఆయన సగంలో మరిచిపోయి ఆపేశాడు.

హాలు నిశ్శబ్దం. నాన్న గొణగలేదు. వంటింటి గుమ్మంలో ఆమె అన్న మాట నాకు అప్పుడు తట్టింది, యాదికి లేదన్న గొంతు ఇదేనా అని. సినిమా ఆమెకి ఈ పాట వినిపించిందా? లేదు. నేనైతే ఆ రికార్డింగు తీసుకుని నేరుగా మంచిర్యాల వెళ్ళి ఆ గుమ్మంలో కూర్చునేవాణ్ణి. ప్రశ్నల టైములో ఇదే అడిగాను. డైరెక్టరు తల గోక్కున్నాడు, "ఆ ఆలోచన రాలేదు సార్" అన్నాడు. నిజాయితీపరుడే. కుర్రవాడు, ముప్పై ఉండవు, సొంత డబ్బులతో నాలుగు చలికాలాలు తిరిగాడట. ఇంకా కోతలున్నాయన్నాడు కాబట్టి చెబుతున్నా: డ్రోన్లు పదకొండులో తొమ్మిది తీసెయ్, తెలుగు సబ్‌టైటిల్స్ వెయ్, ఆ అమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళు. గోండి కుర్రాడికి ఇంకో పది నిమిషాలు ఇవ్వు, వాడు ఆ ఒక్క ప్రశ్న అడగడానికి పుట్టినట్టు చూపించావు, వాడికి వేరే జీవితం ఉంటుంది.

హాలు గురించి రెండు మాటలు. అరవై ప్లాస్టిక్ కుర్చీలు, మోకాలు మడవడానికి చోటు లేదు, పెద్దవాళ్ళతో వెళ్తే గోడవైపు చివరి కుర్చీ పట్టుకోండి. ఏసీ ఉంది, కానీ ప్రొజెక్టరు పక్కనే, దాని మోత సినిమాలో వాగు మోతతో కలిసిపోయింది. స్పీకర్లు రెండూ ముందే ఉన్నాయి, ఎడమది కొంచెం బొంగురు. పాట మీద సినిమాకి కనీసం స్పీకరు చూసుకోవాలి కదా. ఇంటర్వెల్ లేదు, బాత్‌రూమ్ మెట్లు దిగి వెనక్కి. టీ మాత్రం బాగుంది, ఇరానీ టీ, గ్లాసులో ఇచ్చారు, పక్కన ఉస్మానియా బిస్కట్లు, 30 రూపాయలు. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, క్యాబ్‌లో వెళ్ళడమే నయం.

తిరిగొచ్చేటప్పుడు ఖైరతాబాద్ దాటేదాకా నాన్న ఏమీ మాట్లాడలేదు. నేనే "ఎలా పాడాడు నాన్నా, ఘంటసాలకి దగ్గరగా ఉందా?" అన్నాను. "పద్యాలు బాగానే పట్టాడు. మంద్రంలో తేలిపోతున్నాడు. ఊపిరి చాలట్లేదు, వయసైంది" అన్నాడు. నారాయణగూడ దగ్గర సిగ్నల్ పడింది. "ఆ చివరిది, ఆ గూడెం పాట, దాన్ని ఎట్లా చెప్పాలో నాకు తెలీదురా" అన్నాడు. డ్రైవరు అద్దంలోంచి ఒకసారి చూశాడు.

ఆదివారం పొద్దున నేను కూరగాయలకి వెళ్తుంటే నాన్న హాల్లో పాత డైరీ ఒకటి ముందేసుకుని, చెవిలో నా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. అడుగుల చప్పుడికి కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తి ఆపాడు. ఒక నిమిషం అయ్యాక ఇయర్‌ఫోన్ తీసి, "వచ్చేటప్పుడు ఎర్ర పెన్సిల్ ఒకటి తీసుకురా" అన్నాడు.